రోజుకి రెండు గంటలు: బాద్‌షా ఖాన్ గురించి

(జనవరి 30 సాయంత్రం మా ఊరి లైబ్రరీ హాల్లో రిటైర్డ్ సోషల్ మాస్టారు మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్లు చాలామంది అడిగారు కాబట్టి ఫోన్లో రికార్డ్ చేసింది విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. అస్సలాము అలైకుం. వెనకాల గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండి బాబూ, ముందర రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, పిల్లాడు ఏడ్చినా ఏం పర్వాలేదు, ముప్పై ఏళ్లు క్లాసులో మాట్లాడినవాణ్ణి, ఆ చప్పుడు నాకు అలవాటే.

కార్డు మీద మతం, శాంతి, సామాజిక న్యాయం అని వేశారు. మూడూ పెద్ద మాటలే. వీటి మీద గాల్లో మాట్లాడమంటే తెల్లారేదాకా మాట్లాడొచ్చు, మీరు ఇంటికెళ్లాక ఒక్కటీ గుర్తుండదు. అందుకని నేను ఒక్క మనిషి గురించే చెప్తా. ఈరోజు జనవరి 30, గాంధీ గారు పోయిన రోజు. పది రోజుల ముందు, జనవరి 20న, ఇంకో ఆయన పోయిన రోజు వచ్చి వెళ్లిపోయింది, మన ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన మన ఊరివాడు కాదు, మన రాష్ట్రం కాదు, ఇప్పుడైతే మన దేశం కూడా కాదు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. వాళ్ల జనం బాద్‌షా ఖాన్ అనీ బాచా ఖాన్ అనీ పిలుచుకున్నారు. మన పుస్తకాల్లో సరిహద్దు గాంధీ.

సరిహద్దు గాంధీ అని ఎవరికి పేరు? ఖాళీని పూరింపుము, ఒక మార్కు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది నా దగ్గర చదివినవాళ్లే, మీ అందరికీ ఆ ఒక్క మార్కు పాఠమే చెప్పాను నేను. ఆ లైను వెనక ఏముందో అప్పుడు నాకూ సరిగ్గా తెలీదు. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే నాకు నిద్ర పట్టలా. ఇంత మనిషిని ఒక్క మార్కులో చెప్పి వదిలేశానే అనిపించింది. ఆ బాకీ తీర్చుకుందామనే ఇవాళ వచ్చాను.

ముందు ఆ మనుషులెవరో చెప్పాలి. అప్పటి బ్రిటిష్ ఇండియాకి వాయవ్య సరిహద్దు, ఇప్పుడది పాకిస్తాన్లో ఉంది, అక్కడి జనం. పఠాన్లు. మన పాత తరం వాళ్లకి పఠాను అంటే అప్పిచ్చేవాడు, నైజాం వైపు ఊళ్లల్లో రోహిల్లా అనేవాళ్లు. వడ్డీ కట్టకపోతే కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చుంటాడని భయం. మా నాయనమ్మది నైజాం వైపు ఊరు, మేం అన్నం తినకపోతే రోహిల్లా వస్తాడనేది. కోపం, కత్తి, పగ, ఇదీ మన బుర్రల్లో ఉన్న పఠాను. బ్రిటిష్‌వాళ్ల బుర్రల్లోనూ అదే. వాళ్లలో బదల్ అని ఒక కట్టుబాటు ఉండేది, అంటే ప్రతీకారం, తాతని చంపితే మనవడైనా సరే తీర్చుకోవాలి, తీర్చుకోకపోతే వాడు మగాడే కాదు. దీని గురించి మన సీమలో నేను వివరించి చెప్పక్కర్లేదు. ఫ్యాక్షన్ పల్లెల్లో పుట్టినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, ఒక పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా మూడు తరాలు ఎలా తింటుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ఆ పగలు అలా ఉండడం సర్కారుకి కూడా బాగుండేది. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటుంటే పాలించడం సులువు కదా? 1901లో అక్కడికి ఒక ప్రత్యేక చట్టం తెచ్చారు, ఫ్రాంటియర్ క్రైమ్స్ రెగ్యులేషన్ అని. ఒకడు తప్పు చేస్తే ఊరు ఊరంతటినీ శిక్షించొచ్చు. వకీలు లేడు, అప్పీలు లేదు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా ఆ చట్టం పోలేదు, పాకిస్తాన్ గిరిజన ప్రాంతాల్లో 2018 దాకా ఉంది. 2018! మీ చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన రోజులవి.

అలాంటి చోట 1890లో పెషావర్ దగ్గర ఉత్మాన్‌జై అనే ఊళ్లో పుట్టాడు ఈయన. వాళ్ల నాన్న బెహ్రామ్ ఖాన్, భూములున్న ఆసామి. పెషావర్‌లో మిషన్ స్కూల్లో చదివాడు. ఇది గుర్తుపెట్టుకోండి, నిష్ఠగల ముసల్మాను, క్రైస్తవ పాదిరీ గారి దగ్గర చదువుకున్నాడు, సేవ అంటే ఏంటో ఆయన్ని చూసే నేర్చుకున్నానని జీవితాంతం చెప్పుకున్నాడు. మనిషి ఆరడుగులు దాటిన ఎత్తు. బ్రిటిష్ సైన్యంలో గైడ్స్ రెజిమెంట్లో ఆఫీసర్‌గా చేరే అవకాశం వచ్చింది, అప్పట్లో ఒక పఠాన్ కుర్రాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు. చేరబోతూ అదే రెజిమెంట్లో పనిచేసే స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్తే, ఆ స్నేహితుణ్ణి ఒక ఇంగ్లీషు ఆఫీసరు, తనకంటే కింది ర్యాంకువాడే, కళ్లెదుటే అవమానించాడు. దేనికి? తల దువ్వుకున్న తీరు నచ్చక. ఈయన ఉద్యోగం వద్దనుకుని ఇంటికొచ్చేశాడు. లండన్ వెళ్లి చదువుకుందామనుకున్నాడు, అప్పటికే వాళ్లన్న అక్కడున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, ఒక కొడుకు వెళ్లిపోయాడు, రెండోవాణ్ణి కూడా పంపనంది. సరేనని ఆగిపోయాడు.

ఆగిపోయి ఏం చేశాడు? 1910లో, ఇరవై ఏళ్ల వయసులో, ఊళ్లో బడి పెట్టాడు.

ఒక ఊళ్లో పెట్టి ఊరుకోలేదు, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పెట్టించాడు. అది సర్కారుకీ నచ్చలేదు, ముల్లాలకీ నచ్చలేదు. చదువుకుంటే నరకానికి పోతారని చెప్పే ముల్లాలు ఉండేవాళ్లు అప్పుడు. చీఫ్ కమిషనర్ ఒకరోజు వాళ్ల నాన్నని పిలిపించి, పెద్దమనుషుల కొడుకులెవరూ ఇలాంటి పనులు చేయట్లేదు, మీవాడికే ఎందుకు, మానేయమని చెప్పండి అన్నాడు. ఆ ముసలాయన ఇంటికొచ్చి కొడుకుతో చెప్పాడు. అప్పుడు గఫార్ ఖాన్ అడిగాడట, నాన్నా, అందరూ నమాజు చేయడం మానేస్తే నన్ను కూడా మానేయమంటారా అని. అయ్యో, అదెలా కుదురుతుంది, అది ఫర్జ్ కదా, తప్పకుండా చేయాల్సిన పని కదా అన్నాడు ఆయన. జనానికి చదువు చెప్పడం కూడా నాకు అలాంటిదే అన్నాడు ఈయన. వాళ్ల నాన్న ఇంక మాట్లాడలేదు. అయితే నువ్వు చేసేది రైటే అన్నాడు.

నేను చెప్పదల్చుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. బడి నమాజుతో సమానం అన్నాడు చూశారా. నమాజు ఎప్పుడు చేస్తారు భాయ్? గొడవైనప్పుడా? పండక్కా? రోజూ. రోజుకి ఐదుసార్లు, మూడ్ ఉన్నా లేకపోయినా, ఎవడు చూసినా చూడకపోయినా. మన ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ దీపం పెడతారు, చర్చికి వెళ్లేవాళ్లు ఆదివారం ఆదివారం వెళ్తారు. అదీ విశ్వాసంలో ఉన్న బలం, అది రోజూ జరిగే పని. పిల్లలకి చదువు చెప్పడాన్ని, ఊరు ఊడవడాన్ని, పగ మానడాన్ని ఆయన ఆ రోజువారీ పని లెక్కలో చేర్చాడు.

1921లో మళ్లీ జాతీయ పాఠశాల పెట్టాడు, ఆ డిసెంబర్లోనే పట్టుకెళ్లి మూడేళ్లు కఠిన శిక్ష వేశారు. ఆయన కాళ్లకి సరిపడా సంకెళ్లు జైల్లో లేవు, చిన్నవే బిగించారు, మడమల దగ్గర చర్మం ఒరుసుకుపోయి రక్తం కారింది. తిరగలి విసిరించారు. బడి పెట్టినందుకమ్మా ఇదంతా. ఇంకో నేరం ఏమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 1929 నవంబర్. ఖుదాయీ ఖిద్మత్‌గార్ అని ఒక సంఘం మొదలైంది. ఖుదా అంటే దేవుడు, ఖిద్మత్ అంటే సేవ, దేవుడి సేవకులు. ఇందులో చేరాలంటే ప్రమాణం చేయాలి. పఠాను మాటిస్తే ప్రాణం పోయినా తప్పడు, ఆ పట్టుదలని ఈయన ఇటు తిప్పాడు. ఇదే పఠాను బదల్ తీరుస్తానని మాటిస్తే తీరుస్తాడు కదా, మరి తీర్చను అని మాటిస్తే?

ఆ ప్రమాణంలో ఏముందో కొంచెం నిదానంగా వినండి. నేను ఖుదాయీ ఖిద్మత్‌గార్ని, దేవుడికి మన సేవ అవసరం లేదు కాబట్టి ఆయన సృష్టించిన జనానికి సేవ చేయడమే ఆయనకి సేవ, అని మొదలవుతుంది. తర్వాత, హింస చేయను, పగ తీర్చుకోను. నన్ను హింసించినవాణ్ణి క్షమిస్తాను. తగాదాల్లో తలదూర్చను, కొత్త శత్రుత్వాలు పెట్టను. చెడ్డ ఆచారాలు పాటించను. సాదాగా బతుకుతాను. చివర్లో ఒకటుంది, నాకు బాగా ఇష్టమైంది, రోజుకి కనీసం రెండు గంటలు జనం పని చేస్తాను.

రోజుకి రెండు గంటలు! ఆయన దాన్ని అంకెలో పెట్టాడు. శాంతిని ప్రేమిస్తాను అని ప్రమాణం చేయించి వదిలేయొచ్చు కదా, చేయించలేదు. ఎందుకంటే శాంతిని ప్రేమిస్తున్నావా లేదా అని నిన్ను ఎవడూ అడగలేడు, రెండు గంటలు పనిచేశావా లేదా అని మాత్రం మీ ఆవిడ కూడా అడుగుద్ది.

ఆ రెండు గంటల్లో ఏం చేసేవాళ్లు? వీధులు ఊడ్చేవాళ్లు, నూలు వడికేవాళ్లు, బడి నడిపేవాళ్లు, తగాదాలు తీర్చేవాళ్లు. ఆయన కూడా చీపురు పట్టుకుని పల్లెల్లో ఊడ్చాడు, ఆసామి కొడుకు. ఇందులో మనం పట్టించుకోని ఇంకో సంగతుంది. అక్కడ కూడా మనలాగే ఎక్కువ తక్కువలున్నాయి, ఇస్లాంలో కులం లేదు కదా అంటారు, పుస్తకంలో లేదు, ఊళ్లో ఉంది. నేతపని వాళ్లు, మంగలివాళ్లు, భూమి లేనివాళ్లు, వీళ్లని పఠాన్లు తమతో సమానంగా చూసేవాళ్లు కాదు. ఖిద్మత్‌గార్లలో చేరాక ఒకటే చొక్కా, ఒకటే వరస, ఒకటే వంట. పెద్ద ఖానులకి ఎందుకు ఒళ్లు మండిందంటే సగం ఇందుకే. బ్రిటిష్‌వాళ్లని తిడితే వాళ్లకి ఇబ్బంది లేదు, నేతవాడు పక్కన కూర్చుంటే ఇబ్బంది. సామాజిక న్యాయం అని కార్డు మీద వేశారే, అది ఈ వరసలో నిలబడడంలో ఉంది.

చొక్కా అంటే గుర్తొచ్చింది. మొదట తెల్ల బట్టలే వేసుకునేవాళ్లు, పనిచేసి మట్టి కొట్టుకుపోయేవి. తోళ్లు పదును చేసే చోట రంగులో ముంచితే ఇటుక రంగొచ్చింది. తక్కువ ఖర్చు, మాపు కనపడదు. అంతే, దాంతో ఎర్రచొక్కాలోళ్లు అని పేరొచ్చేసింది. బ్రిటిష్‌వాళ్లు వెంటనే, ఇదిగో రష్యా బోల్షివిక్కులు అన్నారు.

డ్రిల్లు కూడా ఉండేది. డప్పు ఉండేది, జెండా ఉండేది, ర్యాంకులుండేవి, అచ్చం మిలిటరీ లాగే. ఆయుధం మాత్రం ఉండదు. కొంతమంది కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, అహింస అంటే చెంప చూపించి కూర్చోడమా సార్ అని. ఇక్కడ కూర్చోడం ఎక్కడుంది నాయనా? తెల్లారుజామున లేచి కవాతు చేసి ఊరు ఊడ్చినవాళ్లు వీళ్లు.

పెషావర్, 1930

1930 ఏప్రిల్ 23. ఉప్పు సత్యాగ్రహం రోజులు. బాద్‌షా ఖాన్ ఉత్మాన్‌జైలో మాట్లాడి పెషావర్ బయల్దేరాడు, దారిలోనే అరెస్ట్ చేశారు. పెషావర్‌లో కూడా నాయకుల్ని పట్టుకెళ్లారు. జనం కిస్సా ఖ్వానీ బజారుకి చేరారు. కిస్సా ఖ్వానీ అంటే కథలు చెప్పేవాళ్ల బజారు, ఒకప్పుడు వ్యాపారుల బిడారులు అక్కడ దిగితే రాత్రిళ్లు కథలు చెప్పుకునేవాళ్లట. ఆ బజార్లోకి మిలిటరీ వాళ్లు ఇనుప రేకులు బిగించిన మోటారు బండ్లు తోలారు, జనం మీదికే తోలారు, మనుషులు చక్రాల కింద పడ్డారు. తర్వాత కాల్పులు. ఒకసారి కాల్చి ఆపింది కాదు, ఆగుతూ ఆగుతూ కాల్చారు. ముందువరస పడిపోతే శవాల్ని పక్కకి తీసుకెళ్లి, వెనక వరస ముందుకొచ్చి నిలబడింది. పఠాన్లు అండీ! ఇంటింటికీ తుపాకీ ఉండే జాతి. ఎంతమంది పోయారంటే సర్కారు పదుల్లో చెప్పింది, కాంగ్రెస్ విచారణ వందకు పైనే అంది, ఆ ఊరివాళ్లు ఇంకా ఎక్కువ చెప్తారు.

అదే రోజు ఇంకో సంగతి జరిగింది. గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిల్ని దింపారు. వాళ్లు హిందువులు, కొండ ప్రాంతం కుర్రాళ్లు. ఎదురుగా ముసల్మాన్లు, కాబట్టి వెనకాడకుండా కాలుస్తారని సర్కారు లెక్క. కాల్చమని ఆర్డరొచ్చింది. చంద్ర సింగ్ అనే హవల్దారు, గఢ్వాలీలారా కాల్చకండి అని అరిచాడు. వాళ్లు తుపాకులు దించేశారు. ఆయుధం లేని జనం మీద మేం కాల్చం అన్నారు. కోర్ట్ మార్షల్ చేశారు, చంద్ర సింగ్‌కి యావజ్జీవం పడింది, 1941 దాకా జైల్లోనే ఉన్నాడు.

ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కాల్పులకి ఎదురు నిలబడ్డ ముసల్మాను, కాల్చనని జైలుకెళ్లిన హిందువు. వాళ్లిద్దరికీ అంతకుముందు పరిచయం లేదు, ఒకరి భాష ఒకరికి రాదు. ఎదురుగా ఉన్నవాడి చేతిలో రాయి ఉంటే ఆ సిపాయి చెయ్యి ఆగేదా? మీరే చెప్పండి. ఆగేది కాదనే నేననుకుంటా.

ఆ రోజు తర్వాత సంఘాన్ని నిషేధించారు, ఊళ్ల మీద పడ్డారు, ఎర్రచొక్కాలు విప్పమని కొట్టారు, ఆఫీసులు తగలబెట్టారు. భయపడి తగ్గిపోవాలి కదా లెక్కప్రకారం? వందల్లో ఉన్నవాళ్లు వేలయ్యారు, తర్వాత లక్ష దాకా అయ్యారని అంటారు.

ఇక్కడ ఒక మాట. ఈ ఒక్క రోజు గురించే అందరూ రాస్తారు. కాల్పులు, రక్తం, త్యాగం. నేను కూడా ఇప్పుడు ఇదే గట్టిగా చెప్పా మీకు, మీరు కూడా ఇక్కడే నిశ్శబ్దంగా విన్నారు. కానీ ఆ వరస ఆ రోజు పొద్దున తయారైంది కాదు. 1910లో బడి పెట్టినవాడు 1930లో ఆ వరస చూశాడు. ఇరవై ఏళ్లు. బడి, జైలు, పత్రిక, మళ్లీ ఊరూరా కాలినడక. 1928లో పఖ్తూన్ అని పష్తో భాషలో పత్రిక పెట్టాడు, ఆడవాళ్లు కూడా అందులో రాసేవాళ్లు, మాకు చదువెందుకు చెప్పించరని. ఆడపిల్లల చదువు కోసం 1928లో, ఆ చోట! ఈ ఇరవై ఏళ్లు తీసేస్తే ఆ బజార్లో ఆ వరస లేదు.

ఇదంతా మతం వల్ల వచ్చిందా, మతం ఉన్నా వచ్చిందా అని ఒకాయన నన్నడిగాడు మొన్న. మన హేతువాద మిత్రులు కూడా ఉన్నారు ఇక్కడ, వాళ్లంటే నాకు గౌరవం. మతం పేరుతో జరిగే కొట్లాటలు చూసి వాళ్లు విసిగిపోయారు, అది నాకర్థమవుద్ది. ఇంకోవైపు, అహింస మన హిందూ ధర్మం, తురకలకి అది పడదు అనే మాట కూడా ఈ ఊళ్లో టీ కొట్ల దగ్గర విన్నాను. బాద్‌షా ఖాన్ ఏమన్నాడో వినండి. నాలాంటి ముసల్మాను, నాలాంటి పఠాను అహింసని నమ్మడంలో వింతేమీ లేదు, ఇది కొత్త మతం కాదు, పద్నాలుగు వందల ఏళ్ల కింద ప్రవక్త మక్కాలో ఉన్నంత కాలం పాటించింది ఇదే అన్నాడు. సబర్ అంటారు, ఓర్పు. మక్కాలో ఆయన్ని హింసించినా, వెలేసినా ఓర్చుకున్నాడు కదా, ఆ పదమూడేళ్లని చూపించాడు ఈయన తన జనానికి. గాంధీ గారి దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు, తన ఇంట్లో ఉన్నదే బయటికి తీసి దుమ్ము దులిపాడు. అందుకే ఆ జనం నమ్మారు. ఢిల్లీ నుంచి తెచ్చిన మాట చెప్పుంటే నమ్మేవాళ్లా? మన ఇళ్లల్లో కూడా అలాంటివి ఉన్నాయి కదా, ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్లు బయటికి తీసుకోవాల్సిందే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం, కోపగించుకోకండి. ప్రతి ఏడూ వినాయక చవితికి ముందు, మిలాదున్నబీకి ముందు శాంతి కమిటీ మీటింగ్ అవుతుంది. పెద్దమనుషుల్ని పిలుస్తారు. టీ, బిస్కెట్లు, అందరం సోదరులం అని రెండు మాటలు, ఒక ఫోటో. పన్నెండేళ్లు నేను ఆ కమిటీలో ఉన్నా. పన్నెండేళ్లు! మధ్యలో ఏడాదంతా ఒకళ్లింటికి ఒకళ్లం వెళ్లింది లేదు. ఆ ఏడు నిమజ్జనం రోజు గొడవైంది మీకు గుర్తుందిగా, రాయి ఎటునుంచి పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, రెండు వీధుల కుర్రాళ్లు కాలవకి అటొకళ్లు ఇటొకళ్లు చేరారు, చేతుల్లో కర్రలు. కమిటీ వాళ్లం ఏడుగురం వెళ్లాం. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు మా మొహం చూడలేదు. నా దగ్గర చదివినవాళ్లు కూడా. ఆ రాత్రి నేను సిగ్గుతో చితికిపోయాను, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆపింది ఎవరు? అంగన్‌వాడీ టీచరమ్మ. ఆవిడ ఇక్కడే ఉంది, పేరు చెప్పొద్దంది కాబట్టి చెప్పను. ఆవిడ సెంటరు ఆ కాలవ పక్కనే, రెండు వీధుల పిల్లలూ అక్కడికే వస్తారు. చంకలో ఎవరి పిల్లనో ఎత్తుకుని మధ్యలోకొచ్చి నిలబడింది. ఉపన్యాసం చెప్పలా. పేర్లు పెట్టి పిలిచింది. ఒరేయ్ నీ చెల్లెలికి గుడ్డు పెట్టింది నేనురా, ఒరేయ్ నీకు అక్షరాలు దిద్దించింది నేనురా, కర్ర అవతల పారెయ్. అరగంటలో పల్చబడ్డారు. మా ఏడుగురికి వాళ్ల పేర్లే తెలీవు. ఆవిడకి అందరి పేర్లూ తెలుసు, ఎందుకంటే పద్దెనిమిదేళ్లు రోజూ వాళ్లకి అన్నం పెట్టింది. ఆ రాత్రి ఇంటికెళ్లాక నాకు బాద్‌షా ఖాన్ ప్రమాణంలో ఆ రెండు గంటలు ఎందుకుందో అర్థమైంది. అంతకుముందు చదివాను గానీ అర్థం కాలేదు.

ఆయన గెలిచాడా?

సరే, ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ మిగతాది చెప్పకపోతే మీకు అబద్ధం చెప్పినట్టు. దేశం రెండు ముక్కలవుతుంటే ఈయన వద్దన్నాడు. 1947 మార్చిలో బీహార్లో గాంధీ గారితో కలిసి తిరిగాడు. అక్కడ మతకలహాల్లో ఎక్కువగా చనిపోయింది ముసల్మాన్లు, కాలిపోయిన ఊళ్లల్లో తన మతం వాళ్ల కన్నీళ్లు చూశాడు. చూసి కూడా పగ అనలేదు. అదే సమయంలో సరిహద్దులో ఎర్రచొక్కాలవాళ్లు హిందువుల, సిక్కుల ఇళ్లకి కాపలా కాశారు. ఈ రెండూ ఒకే మనుషులు చేశారు, అక్కడా ఇక్కడా.

వీళ్లు ఇన్నాళ్లూ కలిసి నడిచిన కాంగ్రెస్ విభజనకి ఒప్పుకుంది. మమ్మల్ని తోడేళ్ల ముందు పడేశారు అన్నాడాయన. ఎంత బాధ ఉంటే ఆ మాట వస్తుంది! పాకిస్తాన్ వచ్చాక 1948 ఫిబ్రవరిలో కొత్త దేశానికి విధేయుణ్ణని ప్రమాణం చేశాడు, అయినా జూన్లో జైల్లో పెట్టారు. ఆగస్టు 12న బాబ్రా అనే చోట ఆయన మనుషుల ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఈసారి కాల్చింది తెల్లవాళ్లు కాదు, తమ మతం వాళ్లే, తమ రాష్ట్ర ప్రభుత్వమే. సర్కారు లెక్క ఒకటి, అక్కడి జనం చెప్పే లెక్క వందల్లో. సంఘాన్ని నిషేధించారు. బ్రిటిష్ జైళ్లూ పాకిస్తాన్ జైళ్లూ కలిపితే ముప్పై ఏళ్ల దాకా అవుతుందంటారు. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఖైదీల హక్కుల కోసం పనిచేసే సంస్థ, ఆయన్నే ఆ ఏటి ఖైదీగా ఎంచుకుంది. 1964 నుంచి అఫ్ఘనిస్తాన్లో ప్రవాసం.

1969లో గాంధీ శతజయంతికి మన దేశం వచ్చాడు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో దిగాడు, చేతిలో ఒక బట్టల మూట, అంతే సామాను. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ఆ మూట అందుకోబోతే ఇవ్వలేదు, నా బరువు నేనే మోసుకుంటా అన్నాడు. అప్పుడే అహ్మదాబాద్‌లో పెద్ద మతకలహాలు జరిగాయి. గాంధీ పుట్టిన రాష్ట్రంలో, గాంధీ పుట్టి వందేళ్లయిన ఏడు. ఆయన ఏం చేశాడు? దండలు వేయించుకోడానికి పిలిస్తే వచ్చి మూడు రోజులు ఉపవాసం కూర్చున్నాడు. తర్వాత పార్లమెంటులో మాట్లాడుతూ, బుద్ధుణ్ణి మర్చిపోయినట్టే గాంధీని కూడా మర్చిపోతున్నారు మీరు అని మొహమ్మీదే చెప్పాడు. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలాయన. 1987లో మనం భారతరత్న ఇచ్చాం. 1988 జనవరి 20న పెషావర్లో పోయాడు.

తనని జలాలాబాద్‌లో పూడ్చమన్నాడు. అఫ్ఘనిస్తాన్లో అప్పుడు యుద్ధం. ఖైబర్ కనుమ మీదుగా వేలమంది ఆయన వెంట నడిచారు, బస్సుల్లో, లారీల్లో వెళ్లారు. అంత్యక్రియల కోసం రెండు పక్షాలూ కాల్పులు ఆపాయి. నాకు ఇక్కడ గొంతు పూడుకుపోతుంది ఎప్పుడూ. అయినా అక్కడ కూడా బాంబులు పేలాయి, ఆ రోజు కూడా మనుషులు చచ్చిపోయారు.

మరి ఆయన గెలిచాడా ఓడిపోయాడా? ఒక కుర్రాడు వాట్సాప్‌లో అడిగాడు నన్ను, సార్ చివరికి ఏం సాధించాడు, ఆ ప్రాంతం ఇప్పుడెలా ఉందో చూడండి అని. న్యాయమైన ప్రశ్నే. దేశం కలిసి లేదు, ఆయన జనం ఇంకా కష్టాల్లోనే ఉన్నారు. నేను దానికి తియ్యటి జవాబు చెప్పలేను. ఒకటి మాత్రం అడుగుతా. ఆ పల్లెల్లో పగలు మానేసిన ఇళ్లున్నాయి, ఆ ఇళ్లల్లో చచ్చిపోకుండా బతికినవాళ్లున్నారు. హిందువుల ఇంటికి కాపలా కాసిన రాత్రి ఒకటుంది, ఆ రాత్రి దాటి తెల్లారి లేచిన పిల్లలున్నారు. వాళ్లని ఏ లెక్కలో వేయాలి బాబూ? పద్దెనిమిదేళ్లు గుడ్లు పెట్టిన ఆవిడ ఏం సాధించిందని ఆ నిమజ్జనం రోజు ముందు ఎవరైనా అడిగుంటే మనం ఏం చెప్పేవాళ్లం?

ఇంక ముగిస్తా, టైమైంది, రాత్రి ఇషా నమాజుకి వెళ్లాల్సినవాళ్లు ఉన్నారు. ఒకే ఒక పని అడుగుతున్నా. రోజుకి రెండు గంటలు నేను అడగను, మీ అందరికీ ఉద్యోగాలు, కొట్లు, పొలాలు ఉన్నాయి. వారానికి రెండు గంటలు. ఆ రెండు వీధుల మధ్య కాలవ ఉందే, ఏడాదిగా పూడిపోయి ఉంది, దోమలు అటువాళ్లనీ ఇటువాళ్లనీ ఒకేలా కుడుతున్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడ మొదలుపెడదాం. గుమ్మం దగ్గర బల్ల మీద నోట్‌బుక్ పెట్టాం, పేరు రాయండి, పక్కన మీ వీధి పేరు కూడా రాయండి, అటువాళ్లనీ ఇటువాళ్లనీ కలిపి జతలు వేయాలి. పారలు మూడు నా దగ్గరున్నాయి, ఇంకో నాలుగు కావాలి, గంపలు కూడా తెచ్చుకోండి. టీచరమ్మ టీ పెడతానంది.